హార్బర్ కబుర్లు: శివకాశిలో ఉక్కుచెయ్యి... ఉక్కునగరంలో వట్టిచెయ్యి!



ఈ వారం తారల కబుర్లు కాస్త పక్కన పెడదాం. ఎవరి కాల్షీట్లు ఎవరికి దొరికాయో, ఎవరి అలక ఎంతదాకా వచ్చిందో పక్కపేజీల వారు ఎలాగూ రాస్తారు. నేను బొమ్మల పుస్తకాల సంగతి ఎత్తుకుంటున్నాను. "సినిమా పత్రికలో కామిక్స్ గొడవేమిటయ్యా బాబూ!" అని మీరు అనకముందే మనవి చేసుకుంటాను, ఇది నూటికి నూరుపాళ్ళూ సినిమా గొడవే.

ముందుగా వార్త. మాహిష్మతి వీరుడు మళ్ళీ రాబోతున్నాడు. ఈసారి ప్రభాస్ ఒడ్డూపొడుగుతో కాదు, అచ్చంగా బొమ్మ రూపంలో. రెండు భాగాలూ కలిపి కుదించిన 'బాహుబలి: ది ఎపిక్' 2025 అక్టోబరు 31న థియేటర్లకు వచ్చిందా, దాని వెనకాలే నవంబరులో 'బాహుబలి: ది ఎటర్నల్ వార్' అనే యానిమేషన్ చిత్రం టీజరు వదిలారు. 2027లో విడుదల అని ప్రకటించారు. దర్శకుడు ఇషాన్ శుక్లా. ఈయన 'షిర్కోవా' అనే కథను మొదట బొమ్మల నవలగా వేద్దామనుకుని, ఆనక చిన్న చిత్రంగా తీసిన మనిషి. ఇక 2025 జులైలో వచ్చిన 'మహావతార్ నరసింహ' సంగతి మీకు చెప్పాలా? ఒక్క స్టారు మొహం కూడా లేని బొమ్మల సినిమాకు మన జనం కుటుంబాలతో సహా కదిలారు. బొమ్మ అంటే పిల్లల వ్యవహారం అనే పాత పాట ఇక చెల్లదు.

ఇంతకీ బాహుబలి బొమ్మగా మారడం ఇదే మొదలు కాదు. 2017లో రెండో భాగం వచ్చిన రోజుల్లోనే గ్రాఫిక్ ఇండియా అనే కామిక్స్ సంస్థ 'బాటిల్ ఆఫ్ ది బోల్డ్' అనే కామిక్‌నూ, 'ది లాస్ట్ లెజెండ్స్' అనే యానిమేషన్ సీరియల్‌నూ తెచ్చింది. ఈ సంస్థ పూర్వచరిత్ర మన నిర్మాతలు తీరిగ్గా వినదగ్గది. 2006లో వర్జిన్ కామిక్స్ పేరుతో అది మొదలైంది. విమానాల ఆసామి రిచర్డ్ బ్రాన్సన్, దర్శకుడు శేఖర్ కపూర్, దీపక్ చోప్రా, శరద్ దేవరాజన్ వగైరాలు కలిసి పెట్టారు. బెంగుళూరులో బొమ్మల స్టూడియో, న్యూయార్కులో ఆఫీసు. జాన్ వూ పేరుతో ఒక కామిక్, గై రిచీ పేరుతో ఒకటి, నికొలస్ కేజ్ పేరుతో ఇంకొకటి! పుస్తకం చదివించడం కంటే రేపు దాన్ని సినిమాగా అమ్ముకోవడం మీదే చూపు ఎక్కువ వున్నట్టు నాకనిపిస్తుంది. రెండేళ్ళు తిరిగాయో లేదో, 2008 ఆగస్టులో న్యూయార్కు ఆఫీసు మూతపడింది. వున్నవాళ్ళే కంపెనీని కొనుక్కుని లిక్విడ్ కామిక్స్ అని పేరు మార్చారు. ఆ కొమ్మకు పూసిందే 2013 నాటి గ్రాఫిక్ ఇండియా. పెద్ద పేర్లుంటే పోస్టరు బాగుంటుంది. పుస్తకాన్ని మోసేది మాత్రం చదివేవాడే.

నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. మన తెలుగులో కామిక్ అనేది సినిమా వెనకాల వస్తుంది. టీషర్టు, కీచైను, కాఫీ కప్పు, వాటితోపాటు ఒక కామిక్. హిట్టయితే వస్తుంది, ఫట్టయితే రాదు. సినిమాతో నిమిత్తం లేకుండా, "వచ్చే ఏడాది మా దగ్గర్నుంచి ఈ పుస్తకాలు వస్తున్నాయి, చందాలు కట్టండి" అని జాబితా వేసి చెప్పే తెలుగు కామిక్స్ సంస్థ ఒక్కటి నా కంటికి ఆనడం లేదు.

పోనీ మనకు బొమ్మలు రావా అంటే, అబ్బే! 'పాతాళభైరవి', 'మాయాబజార్' చిత్రాలకు గోఖలేగారు, కళాధర్‌గారు కళాదర్శకులు. ఆ సినిమాలు ముందు కాగితం మీద బతికాయి, ఆ తర్వాతే సెట్టెక్కాయి. బాపుగారి సంగతి సరేసరి. 1967లో పులిదిండి వెళ్ళి 'సాక్షి' తీసిన నాటి నుంచీ ఆయన షాటు షాటుకీ బొమ్మ వేసుకునే కెమెరా దగ్గరికి వెళ్ళేవారు. ఆ కాగితాలన్నీ వరసగా కుట్టి అచ్చేస్తే అదే కామిక్ పుస్తకం కదా! కృష్ణశాస్త్రిగారి అబ్బాయి బుజ్జాయిగారు పంచతంత్రాన్ని బొమ్మల కథగా వేస్తే బొంబాయి నుంచి వచ్చే ఇలస్ట్రేటెడ్ వీక్లీ అచ్చేసుకుంది. 'చందమామ' 1947 జులైలో పుట్టింది. విజయా వారి నాగిరెడ్డి–చక్రపాణిగార్లే దాన్నీ పెంచారు. అంటే అప్పట్లో సినిమా సంపాదనకూ పిల్లల పుస్తకానికీ ఒకటే గడప! చిత్రాగారు, శంకర్‌గారు, మన కశింకోటలో వుండి రంగుల్ని ఆడించిన వడ్డాది పాపయ్యగారు... ఈ హార్బర్ నుంచి బస్సెక్కితే రెండు గంటల లోపే కశింకోట. అటువంటి చందమామ 2007లో బొంబాయి కంపెనీ చేతికి పోయి, 2013 నాటికి ఒక ప్రకటన కూడా లేకుండా ఆగిపోయింది. యాభై రోజులు ఆడిన సినిమా తీసేసేటప్పుడు కూడా హాలువాడు 'నేడే చివరి రోజు' అని బోర్డు కడతాడే!

సరే, ఏడుపు చాలు. పొరుగింటికి వెళ్దాం.

తమిళనాట శివకాశి అనగానే మనకు చిచ్చుబుడ్లూ, తెలుగింటి గోడల మీది కాలెండర్లూ గుర్తొస్తాయి. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో తరతరాలుగా తెలుగు మాట్లాడుకునే వాళ్ళు బోలెడుమంది. తమిళంలో మహా రచయిత అనిపించుకున్న కి. రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగే, ఆయన వూరు కోవిల్‌పట్టి దగ్గర. ఆ శివకాశిలో 1972లో సౌందరపాండియన్‌గారు ముత్తు కామిక్స్ మొదలెట్టారు. మొదటి పుస్తకం 'ఇరుంబుక్కై మాయావి'. మన మాటల్లో ఉక్కుచెయ్యి మాయావి! అసలు కథ ఇంగ్లండుది, 1962లో 'వేలియంట్' అనే పత్రికలో మొదలైంది. హీరోకి ఒక చెయ్యి ఉక్కుది. కరెంటు షాకు తగిలిందంటే మనిషి మాయం, గాలిలో ఉక్కుచెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. ఉక్కునగరం మాది, ఉక్కుచెయ్యి హీరో వాళ్ళది. చోద్యం కాకపోతే ఏమిటి?

అంతకు ముందు ఏడాదే, అంటే 1971లో, మన కృష్ణగారు 'మోసగాళ్ళకు మోసగాడు'తో గుర్రమెక్కి పిస్తోలు తిప్పారు. కౌబాయ్‌ని మనం వెండితెర మీదికి తెచ్చుకున్నాం, వాళ్ళు కాగితం మీదికి తెచ్చుకున్నారు. తేడా ఏమిటంటే, మన కౌబాయ్ శతదినోత్సవాలు చేసుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళవాడు ఇంకా వెళ్ళలేదు.

1984 జులైలో సౌందరపాండియన్‌గారి అబ్బాయి విజయన్‌గారు లయన్ కామిక్స్ పెట్టారు. తొలి సంచికలో హీరోయినే హీరో, మాడెస్టీ బ్లెయిజ్! ఇటలీలో 1948లో పుట్టిన టెక్స్ విల్లర్ అనే కౌబాయ్ శివకాశి వచ్చి తమిళుడైపోయాడు. ఫ్రెంచి వాళ్ళ బ్లూబెర్రీని 'కెప్టెన్ టైగర్' అని పిలుచుకున్నారు. మధ్యలో టీవీ వచ్చింది, వీడియో వచ్చింది, పుస్తకాలు ఆలస్యమయ్యాయి, కొన్నాళ్ళు మూలపడ్డాయి. 2012లో మళ్ళీ లేచి, చవక న్యూస్‌ప్రింటు వదిలి మంచి కాగితం మీద రంగుల్లో రావడం మొదలెట్టారు. ముత్తుకి 2022లో యాభయ్యేళ్ళు, లయన్‌కి 2024లో నలభయ్యేళ్ళు నిండాయి.

వాళ్ళ కిటుకు ఏమిటని మీరడగాలి. కిటుకు చందా! రాబోయే ఏడాది ఏ నెలలో ఏ హీరో వస్తాడో ముందే జాబితా ప్రకటిస్తారు. పాఠకులు ముందే డబ్బు కడతారు. ఎడిటరుగారే పాఠకుల ఎదట నిలబడి "ఈ కథ ఎందుకు ఎంచానంటే..." అని చెప్పుకుంటారు, తిట్లు కూడా ఆయనే తింటారు. చెన్నై పుస్తక ప్రదర్శనలో ఆ స్టాలు దగ్గర నెరిసిన జుట్టు పెద్దమనుషులు లంగా వోణీ సినిమా మొదటి ఆటకి నిలబడ్డట్టు నిలబడతారు. లక్షల ప్రతులు అచ్చయ్యే రోజులు కావివి. తక్కువమందే, కానీ పేరు పేరునా తెలిసినవాళ్ళు. డిస్ట్రిబ్యూటరు లేడు, బయ్యరు లేడు, వడ్డీకిచ్చే ఫైనాన్సియరూ లేడు. మన నిర్మాతల్లో ఎంతమంది ఈ మాట అనగలరు?

ఒక్క లోటు మాత్రం చెప్పుకోవాలి. ఆ హీరోల్లో ఎక్కువమంది పరదేశీలే. శివకాశి కథ, అగ్గిపెట్టెల కథ, ప్రెస్సు కార్మికుల కథ ఆ పుస్తకాల్లో అరుదు. అమ్ముడుపోయే గుర్రాన్నే కడతారు, తప్పులేదు. కాని మనం మొదలెడితే అక్కణ్ణుంచే మొదలెట్టనక్కర్లేదంటాను.

ఎందుకంటానంటే ఒక ముచ్చట చెప్పాలి. ఆమధ్య టెక్స్ విల్లర్ తమిళ పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుని జెట్టీ మీద తిరుగుతున్నాను. తెల్లారగట్ల వేలం అయిపోయింది. వంజరాలు, చందువాలు ఐసుపెట్టెల్లోకి పోయాయి, కవ్వళ్ళ గంపల చుట్టూ బేరాలు సాగుతున్నాయి. బోట్ల మీద పేర్లు, నంబర్లు రాసే పెయింటరు ఒకాయన వున్నాడు. ఒకప్పుడు జగదాంబ సెంటరు వైపు సినిమా బ్యానర్లు గీసిన చెయ్యి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, బోట్లే గతి అయ్యాయి. పుస్తకం లాక్కుని తిరగేశాడు. ఆయనకు తమిళం ఒక్క ముక్క రాదు. పావుగంట చూసి, కథంతా నాకే చెప్పేశాడు! ఆ తర్వాత ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇది సూడండి బాబూ. ఈడు గుర్రం మీద ఎల్తంటే ఆకాశం ఎంత వొగ్గేశాడో! మన బేనర్లో ఆకాశం ఉంటాదేటి? ఈరో బుర్రే ఉంటాది. బుర్ర సిన్నదైతే అబిమానులు ఊరుకోరు కదా."

పదేళ్ళుగా సినిమా సమీక్షలు రాసేవాళ్ళు కూడా మన సినిమా గురించి ఇంత సూటిగా చెప్పినట్టు నాకు గుర్తులేదు.

మాటల్లో 2023 నవంబరు సంగతి వచ్చింది. 19వ తేదీ అర్ధరాత్రి ఇదే హార్బర్లో ఒక బోటుకు అంటుకున్న నిప్పు పక్క బోటుకీ, ఆ పక్కదానికీ పాకి, డీజిలూ గ్యాసు సిలిండర్లూ పేలి, పదుల బోట్లు కాలి బూడిదయ్యాయి. దేశమంతా ఫోన్లలో చూసింది. నష్టంలో 80 శాతం పరిహారంగా ఇస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. పేపర్ల వరకూ కథ అక్కడితో సరి. మన పెయింటరుది వేరే కథ.

"తెల్లారేక సూస్తే అన్నీ నల్లసెక్కలే. ఏది ఎవలదో ఓనర్లకే తెలీనేదు. నన్ను పిలిసేరు. సగం కాలిపోయిన అచ్చరం సూసి సెప్పేను బాబూ. ఈ 'ల'కి తోక నానే లాగేను, ఇది పలానా వోలది అని. నా సేతిరాత నాను గుర్తట్టనేనా? ఆ యాళ ఎంతమంది ఏడిసేరో... నా రాత నాకు సదవడం ఇష్టం నేకపోయింది."

చెప్పండి, ఈ కథని ఎవరు తీస్తారు? హీరోకి యాభై దాటాయి, చేతిలో కుంచె, ఫైటు లేదు, పాట లేదు. ఏ నిర్మాతైనా ఇంటర్వెల్ బ్యాంగ్ ఎక్కడని అడుగుతాడు. అదే పదహారు పేజీల బొమ్మల కథకైతే సరిగ్గా సరిపోతుంది. ఒక గడిలో కాలిన చెక్క, పక్క గడిలో సగం అక్షరం, ఆ పక్కన ఓనరు మొహం. మాటలు కూడా అక్కర్లేదు.

సముద్రం కథలు సినిమాకు పనికిరావనడం లేదు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' చూశాంగా! శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్ పోయి వేటకెళ్ళిన మనవాళ్ళు 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చిన వాస్తవగాథ. చందు మొండేటిగారు నిష్ఠగా తీశారు, నాగచైతన్య యాసతో సహా కష్టపడ్డారు, సాయిపల్లవి సంగతి చెప్పనే అక్కర్లేదు. కాని రెండున్నర గంటల సినిమాకి ప్రేమకథ కావాలి, పాటలు కావాలి, జెండా కావాలి. పధ్నాలుగు నెలలు జైలుగోడ చూస్తూ కూర్చున్నవాడి బుర్రలో ఏం తిరిగిందో, ఇక్కడ ఇంట్లో బియ్యం ఎవరు అరువిచ్చారో చెప్పే తీరిక దానికి ఎక్కడిది? ఆ తీరిక కామిక్‌కి వుంటుంది. ఒకే గోడని ఇరవై గడుల్లో వేసినా పేజీ ఖర్చే తప్ప సెట్టు ఖర్చు పెరగదు!

ఇది నా సొంత కవిత్వం కాదు. ఫ్రాన్సులో 1990లో కొందరు బొమ్మలు వేసేవాళ్ళే పెద్ద కంపెనీలతో విసిగి, ఎల్'అసోసియేషన్ అని సొంత సంస్థ పెట్టుకున్నారు. మర్జానె సత్రపి అనే ఇరాన్ అమ్మాయి తన చిన్ననాటి కథని నలుపు తెలుపుల్లో 'పెర్సెపోలిస్' అని వేస్తే 2000 నుంచి నాలుగు భాగాలుగా అచ్చేసింది ఆ చిన్న సంస్థే. పుస్తకం ఖండాలు దాటింది. 2007లో ఆ రచయిత్రే తోడు దర్శకురాలిగా సినిమా తీస్తే కాన్స్‌లో జ్యూరీ బహుమతి వచ్చింది, ఆస్కారు నామినేషనూ దక్కింది. ముందు చిన్న పుస్తకం, ఆ తర్వాత పెద్ద తెర. మన దగ్గర బండి తిరగబడి వుంది.

"మాటలు బాగానే వున్నాయి, డబ్బో?" అంటారు. వేళ్ళ మీద లెక్కేద్దాం. ఐదువందల మంది, మనిషికి వంద రూపాయలు ముందే కడితే యాభై వేలు. ముప్పైరెండు పేజీలు నలుపు తెలుపులో అచ్చేసి, బొమ్మ వేసినవాడికి ఏదో కాస్త చేతిలో పెట్టి గౌరవంగా పంపొచ్చు. లాభం రాదు. మొదటి పుస్తకానికి లాభం అడిగేవాడు అసలు ఈ రొంపిలోకి దిగకూడదు. హైదరాబాదులో 2013 నుంచి కామిక్ కాన్ సంబరాలు జరిగాయి, వేషాలు వేసుకుని కుర్రకారు వేలల్లో వెళ్ళారు. మన ఐదువందల మంది ఆ జనంలోనే ఎక్కడో వుండే వుంటారు. వాళ్ళ చేతుల్లో మాత్రం సూపర్‌మాన్, నరుటోలే కనిపిస్తారు. తెలుగు పుస్తకం పెట్టకపోతే వాళ్ళు మాత్రం ఏం కొంటారు పాపం!

ఐదువందల మంది కూడా దొరకరనే నిరాశావాదులకు ఇంకా చవక మార్గం వుంది. ఢిల్లీలో శరద్ శర్మగారి వరల్డ్ కామిక్స్ ఇండియా వారు ఊరూరా తిరిగి నేర్పించిన పద్ధతి అది. మామూలు జిరాక్సు కాగితాలు రెండు అతికిస్తే ఒక పోస్టరు. దాంట్లో నాలుగే గడులు. కథ ఎవరిదో బొమ్మ వారే వేస్తారు, వంకర టింకరగా వున్నా సరే. జిరాక్సు తీసి టీ కొట్టు గోడ మీద, బస్టాండులో, పంచాయతీ ఆఫీసు దగ్గర అంటిస్తారు. హాలు అద్దె లేదు, సెన్సారు లేదు. బాగా లేకపోతే జనమే చింపేస్తారు, అంతకంటే కచ్చితమైన బాక్సాఫీసు ఏముంది?

హార్బర్లో గోడలకు కొదవ లేదు. వేలం షెడ్డు స్తంభాలున్నాయి, ఐసు ఫ్యాక్టరీల ప్రహరీలున్నాయి. తీరికా వస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. 1976 నుంచి వున్న ఈ జెట్టీల వెంట అప్పుడు బోట్లన్నీ ఒరుసుకుని నిలబడతాయి. సరంగులు, కళాసీలు వలలు బాగుచేసుకుంటూ, పాత కథలు చెప్పుకుంటూ కూర్చుంటారు. మన పెయింటరుకి కూడా అదే సీజను, నంబర్లన్నీ కొత్తగా దిద్దేది అప్పుడే. నాలుగు గడుల సంగతి ఆయన చెవిన వేశాను. "నాలుగు గడులు సాలవు బాబూ, ఎనిమిదైనా ఉండాల," అని బేరం పెట్టాడు.

కనుక చిత్రకళాశాల కుర్రవాళ్ళకీ, కథలు రాసి బీరువాలో దాచుకున్న మిత్రులకీ ఇదే ఆహ్వానం. ఈ నిషేధం రోజుల్లో ఏదో ఒక ఆదివారం పొద్దున్నే కాగితాలు, పెన్సిళ్ళు పట్టుకుని దయచేయండి. జెట్టీ మీద అక్షరాలు రాసే పెద్దాయన ఎక్కడని ఎవర్నడిగినా చూపిస్తారు. టీ ఖర్చు నాది. వచ్చే వారం మళ్ళీ తారల కబుర్లే, కంగారు పడకండి!